ఫ్యూయల్ ఫిల్టర్ విప్పే ముందు

కారు ఫ్యూయల్ ఫిల్టర్ మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. భయపడాల్సింది పైపులో దాగిన ఒత్తిడికే. ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో అది సాధారణంగా 3 బార్లకు అటూఇటూగా ఉంటుంది, ఇంజిన్ ఆపినా వెంటనే తగ్గదు. అలాగే గొట్టం లాగితే పెట్రోల్ కళ్ళలోకి చిమ్ముతుంది. అందుకని ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, దానంతటదే ఆగిపోయేదాకా ఉండండి. ఆపైన బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, ఇంజిన్ చల్లారనివ్వండి.

పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి, దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. కాబట్టి మూసిన షెడ్డులో వద్దు, ఆరుబయటే. చూడ్డానికొచ్చి పక్కన బీడీ వెలిగించే పెద్దమనిషిని మొహమాటపడకుండా పంపేయండి! మంటలార్పే పౌడర్ సిలిండర్ దగ్గరుంచుకోండి. నీళ్ళు పోస్తే పెట్రోల్ మంట ఇంకా పరుచుకుంటుంది. కారు కిందకి దూరాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, గట్టి స్టాండ్లు పెట్టండి.

కొత్త ఫిల్టర్ మీది బాణం ఇంజిన్ వైపు ఉండాలి. క్లిప్పులూ కొత్తవే వేయండి. ఫ్యూజు, బ్యాటరీ తీగ బిగించాక, స్టార్ట్ చేయకుండా తాళం రెండుమూడుసార్లు ఆన్ చేసి, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తుందేమో చూడండి.

చాలా కొత్త కార్లలో ఫిల్టర్ ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది. అదీ, కామన్ రైల్ డీజిల్ కార్ల ఫిల్టరూ మెకానిక్కుకే వదిలేయండి.