గ్రుడ్డు తెల్లసొన నుండి నాడీకణము వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రాత్రివేళ చెరువు తూము తెరచినపుడు నీరు ఏ కాలువ వెంబడి పోయి ఏ మడిని చేరుచున్నదో గట్టుమీది రైతుకు కానరాదు. తూము వద్ద నీటిలో రంగు కలిపి, తెల్లవారిన పిమ్మట ఏ మడిలో రంగునీరు నిలిచినదో చూచినచో దారి తెలిసిపోవును. మెదడులోని దారులను కనుగొనుటకు శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయము ఇట్టిదే.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణము కొమ్మలు రెమ్మలు గల చెట్టువంటిది. దాని నుండి ఒక సన్నని పోగు బయలుదేరి, ఇతర కణములను చేరి, వార్తలను అందించును. కాని ఈ కణములకు రంగు లేదు. మెదడును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినను, ఒక చెట్టు కొమ్మ ఎచ్చట ముగిసినదో, వేరొక చెట్టు కొమ్మ ఎచ్చట మొదలైనదో తెలియరాదు.

1873లో ఇటలీ దేశీయుడగు కామిల్లో గాల్జీ వెండి లవణముతో నాడీకణములను నల్లబరచు విధానమును ప్రకటించెను. ఆ విధానమున కొద్ది కణములు మాత్రమే నల్లబడును; అదియే మేలైనది. అన్నియు నల్లబడినచో చీకటి తప్ప మరేమియు కనిపింపదు గదా! స్పెయిన్ దేశీయుడగు రామోన్ ఇ కాహాల్ ఆ విధానముననే ఏండ్ల తరబడి పరిశీలించి, ప్రతి నాడీకణమును వేరువేరు వ్యక్తియని నిశ్చయించెను. నాడులన్నియు ఎడతెగని ఒకే వలయని గాల్జీ నమ్మకము. 1906లో ఇరువురకును కలిపి నోబెల్ బహుమానము లభించెను. ఆ సందర్భమున చేసిన ఉపన్యాసములోనే గాల్జీ కాహాల్ సిద్ధాంతమును ఖండించెను. తరువాతి కాలమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కాహాల్ పక్షమునే బలపరచినది.

అయినను వెండి విధానమునకు ఒక కొరత ఉండెను. ఏ కణము నల్లబడునో ముందుగా ఎవరును చెప్పజాలరు. కోరిన కణమునకే గుర్తు పెట్టుట ఎట్లు? ఈ ప్రశ్నకు ఒక సమాధానము కోడిగ్రుడ్డు నుండి లభించినది.

1927లో లండను నగరములోని లిస్టర్ సంస్థలో మార్గరెట్ బోయాస్ అను విదుషీమణి, తెల్లసొనను ప్రధానాహారముగా తినిన ఎలుకలకు వెండ్రుకలు రాలి చర్మము చెడుటను వర్ణించెను. కాలేయము వంటి కొన్ని పదార్థములను తినిపించినచో ఆ బాధ తొలగెను. అట్లు రక్షించునది ఒక విటమిను. 1936లో కోగ్ల్, టోనిస్ అను రసాయన శాస్త్రజ్ఞులు గ్రుడ్డు పచ్చసొన నుండి ఒక పదార్థమును వేరుచేసి దానికి బయోటిన్ అని పేరిడిరి. ఆ విటమిను ఇదియేనని పిదప తేలినది. 1940 ప్రాంతమున టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పచ్చి తెల్లసొనలోని ఒక మాంసకృత్తు బయోటిన్‌ను గట్టిగా పట్టుకొని శరీరమునకు అందనీయదని చూపిరి. దాని ఆశను బట్టి దానికి ఎవిడిన్ అని పేరు వచ్చినది. గ్రుడ్డును చక్కగా ఉడికించినచో ఆ పట్టు సడలిపోవును.

తినువానికి చేటు చేసిన ఆ పట్టే పరిశోధకునికి సాధనమైనది. 1988లో హోరికావా, ఆర్మ్‌స్ట్రాంగ్ అను ఇరువురు బయోసైటిన్‌ను ఇందులకు వినియోగించు విధమును ప్రకటించిరి. బయోటిన్, లైసిన్ అను రెండింటి కలయికయే బయోసైటిన్. కొన మిల్లీమీటరులో వెయ్యవవంతు ప్రమాణము గల గాజుగొట్టమును ఈ ద్రవముతో నింపి ఒక్క కణమునకు చేర్చెదరు. ఆ గొట్టము ద్వారానే కణములోని విద్యుత్ సంకేతములను గుర్తించెదరు. అదే సమయమున బయోసైటిన్ కణమంతటను వ్యాపించును. పిమ్మట ఆ పొరను స్థిరపరచి, పెరాక్సిడేజ్ అను ఎంజైమును తగిలించిన ఎవిడిన్‌ను దానిపై పోసెదరు. ఎవిడిన్ వెదకికొని పోయి బయోటిన్‌ను పట్టుకొనును. తగిన రసాయనములు చేర్చగనే ఎంజైము ముదురు గోధుమరంగును పుట్టించును. ఏ కణము పలుకును వినిరో, ఆ కణము రూపమే కొమ్మకొమ్మతో కన్నులకు కట్టును.

1992లో దూరప్రయాణమునకు తగిన మరొక పదార్థము వెలువడినది. డెక్స్‌ట్రాన్ అను చక్కెర గొలుసునకు బయోటిన్‌ను అతికింపగా ఏర్పడినది ఇది. మెదడులో ఒకచోట దీనిని ఉంచినచో, కొన్ని దినములలో పోగుల వెంట సాగి వాని చివరలను చూపును. తూము వద్ద కలిపిన రంగు మడికి చేరుట ఇదియే.

న్యూరోబయోటిన్ అను వేరొక చిన్న పదార్థము ఒక వింతను చూపినది. 1991లో ఆస్ట్రేలియాలో వేనీ అను శాస్త్రజ్ఞుడు కుందేటి కంటి తెరలో ఒక్క కణమునకు దానిని ఎక్కింపగా, చుట్టునున్న కణములకు సైతము రంగు వచ్చెను. కణములు వేరువేరే, కాని కొన్నింటి మధ్య అతి సూక్ష్మమైన ద్వారములు కలవు. కాహాల్ చెప్పిన గోడలు నిజమే. గాల్జీ ఊహించిన వల లేదు గాని, ఆ గోడలలో కిటికీలున్నవి.

ఈ విధానమునకు హద్దు కలదు. మెదడును పొరలుగా కోయక తప్పదు గనుక, జీవించియున్న మనుష్యునిపై దీనిని ప్రయోగింపరాదు. అధికభాగము ఎలుకల వంటి ప్రాణులే ఇందుకు బలియగుచున్నవి. కావుననే అగత్యమైన ప్రశ్నకు మాత్రమే, బాధను తగ్గించుచు, తక్కువ ప్రాణులతో పని నెరవేర్చుకొనుట పరిశోధకుని ధర్మము. మూర్ఛవ్యాధి వంటి రోగములకై శస్త్రచికిత్సలో తొలగించిన మెదడు భాగములను కూడ, రోగి అనుమతితో పరిశీలించుచున్నారు. ఎలుకలలో కనిపించని ఒక నాడీకణ జాతిని మానవ మెదడులో గుర్తించినట్లు హంగేరీ, అమెరికా శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిరి. దాని రూపమును చూపినది బయోసైటినే.

ఎలుకల వెండ్రుకలు రాలుటను వ్రాసినవారు మెదడును గూర్చి తలపలేదు. అయినను వ్రాసినది అచ్చయి గ్రంథాలయములలో నిలిచినది. ఆహారశాస్త్రజ్ఞుల వ్రాతను రసాయనజ్ఞులు చదివిరి, వారి వ్రాతను నాడీశాస్త్రజ్ఞులు చదివిరి. ఏ పుటలోని ఏ వాక్యము ఎవరికి ఎప్పుడు పనికివచ్చునో ముందుగా తెలియదు. కనుకనే పుస్తకములను భద్రపరచవలెను. భద్రపరచిన వానిని తీసి చదువవలెను.