నేసినవాడే గుడ్డ పరీక్షిస్తే ఎట్లా?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము చదివింది ఎనిమిదో తరగతి, అది కూడా సోలాపూర్‌లో తెలుగు బడిలో. ఈ రోజు మమ్మల్ని మాట్లాడమన్న విషయమేమో సాఫ్ట్‌వేర్ పిల్లలు వాడే కొత్త ఏఐ పనిముట్లు, క్లౌడు. "వాటి గురించి మీకేం తెలుసని ఒప్పుకున్నారు?" అని మా ఇంట్లోనే నవ్వారు. నిజమే, మాకు ప్రోగ్రాం రాయడం రాదు. కానీ మా సొసైటీ కూలి లెక్క ఇప్పుడు క్లౌడులో నడుస్తోంది. అది నడవడం మొదలైన నెలలోనే మాకొక పాఠం నేర్పింది. ఆ పాఠం చెబుదామనే వచ్చాం.

ముందు ఒక పాత సంగతి. మనలో కొందరు జకార్డు ఎక్కించి నేసినవాళ్లే. అట్టకు చిల్లు ఉంటే ఒక దారం లేస్తుంది, లేకపోతే లేవదు. ఫ్రాన్సు దేశపు లియాన్ ఊళ్లో జకార్డు అనే ఆయన 1804 ప్రాంతంలో ఆ ఏర్పాటు చేశాడు. ఇంగ్లండులో బాబేజ్ అనే లెక్కల పండితుడు ఆ అట్టలనే లెక్కల యంత్రానికి వాడాలనుకున్నాడు. ఆయన ఇంట్లో పట్టు మీద నేసిన జకార్డు బొమ్మ ఒకటి ఉండేదట. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. బాబేజ్ యంత్రం ఆయన బతికుండగా పూర్తి కాలేదు. కానీ 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల అట్టలతోనే లెక్కపెట్టించాడు. ఆయన పెట్టిన కంపెనీయే ఇంకొన్ని కంపెనీలతో కలిసి, తర్వాత ఐబీఎం అయింది. కాబట్టి కంప్యూటరంటే మనది కాని వస్తువు అనుకోవద్దు. దాని పుట్టుకలో మగ్గానికి వాటా ఉంది.

ఇక క్లౌడు అంటే ఏమిటి? పేరు మబ్బుదే గాని అది ఉన్నది నేల మీదనే. పెద్ద పెద్ద భవనాల్లో వేల కంప్యూటర్లు, వాటికి ఆగని కరెంటు, చల్లటి గాలి. వాటిని మనకు అద్దెకిస్తారు. అమెజాన్ వాళ్లు 2006లో ఈ అద్దె పద్ధతిని బజారులో పెట్టారు. వాళ్ల కేంద్రాలు ముంబైలో 2016 నుండి, హైదరాబాదులో 2022 నుండి ఉన్నాయి. మగ్గం కొనలేనివాడు షావుకారు షెడ్డులో మగ్గం అద్దెకు తీసుకున్నట్టే ఇది. అద్దె మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పని లేకున్నా మిషన్ ఆపడం మరిస్తే బిల్లు వస్తుంది.

ఆ మిషన్లను నిలబెట్టే పనివాళ్లు వేరే ఉంటారు. ముందు ఒక్కొక్క మిషన్‌ను చేత్తో సర్దేవారు. 2014లో టెర్రాఫాం అనే పనిముట్టు వచ్చింది. ఎన్ని మిషన్లు కావాలో, ఏది దేనికి కలవాలో ఒక కాగితంలో రాసినట్టు రాసిస్తే, అది చదివి అన్నీ నిలబెడుతుంది. డిజైను గీసిన గళ్ల కాగితం మన దగ్గర ఉంటే అదే చీర మళ్లీ మళ్లీ నేయగలం కదా, అట్లాంటిదే. అదే ఏడాది గూగుల్ వాళ్లు కుబర్నెటిస్ ఇచ్చారు. నడిచే ప్రోగ్రాముల్లో ఒకటి పడిపోతే దాని జాగాలో ఇంకోటి లేపడం దాని పని. తెగిన దారాన్ని వెంటనే అతికే మనిషి రాత్రింబవళ్లు షెడ్డులో ఉన్నట్టు.

వీటి మీద ఏఐ వచ్చి కూర్చుంది. 2021 జూన్‌లో గిట్‌హబ్ వాళ్లు కోపైలట్‌ను ముందు కొద్దిమందికి ఇచ్చి, మరుసటేడు అందరికీ ఇచ్చారు. సగం వరుస రాస్తే మిగతా సగం అదే రాస్తుంది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడైతే ఫలానా పని కావాలని మామూలు మాటల్లో చెబితే ప్రోగ్రాం మొత్తం రాసి, నడిపి చూసి, తప్పొస్తే తానే దిద్దుకునే పనిముట్లు వచ్చాయి. అర్ధరాత్రి మిషన్ ఆగితే వేల వరుసల చిట్టా చదివి, బహుశా ఇక్కడ తెగిందని చూపించేవీ ఉన్నాయి. పెద్ద సదుపాయమే, కాదనం.

ఇప్పుడు మా కథ. మా సొసైటీ లెక్కలు ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటరులో ఉండేవి. ఒక వానాకాలం కప్పు కారి అది తడిసి పోయింది. పాత ఖాతా పుస్తకాలు పారేయకుండా ఉంచాం కాబట్టి బతికాం. అప్పుడు మా సభ్యుడి మనవడు, పుణెలో ఉద్యోగం చేసే పిల్లవాడు, "తాతా, నేను చేసి పెడతా" అన్నాడు. ఏఐ సాయంతో రెండు ఆదివారాల్లో కూలి లెక్క ప్రోగ్రాం తయారుచేసి క్లౌడులో పెట్టాడు. పైసా తీసుకోలేదు. మేము చప్పట్లు కొట్టి శాలువా కప్పాం.

మొదటి నెల కూలి పంచాం. కండెలు చుట్టే ఒక పెద్దమ్మ డబ్బులు లెక్కపెట్టుకొని అక్కడే నిలబడింది. "ఐదున్నర చిలపల కూలి తక్కువొచ్చింది" అన్నది. మేము స్క్రీన్ చూపించి, "అమ్మా, కంప్యూటర్ లెక్క, తప్పు పోదు" అన్నాం. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం. ఆమె కొంగున ముడి విప్పి ఒక దారం తీసింది. రోజుకు ఎన్ని చిలపలు చుడితే అన్ని ముడులు, అర చిలపకు చిన్న ముడి. "మీ డబ్బా అబద్ధం చెప్పదేమో అయ్యా, నా ముడులు కూడా చెప్పవు" అన్నది.

పిల్లవాడికి ఫోన్ చేశాం. రాత్రి కూర్చొని చూశాడు. ప్రోగ్రాం పూర్తి చిలపలనే లెక్కపెట్టి, అరలను వదిలేస్తోంది. ఏడున్నరను ఏడు అంటోంది. ఆమె 24 రోజులు చుట్టింది, అందులో 11 రోజులు అర చిలప ఉంది. పదకొండు అరలు, ఐదున్నర. ముడులే నిజం.

"మరి పరీక్ష చేయలేదా నాయనా?" అని అడిగాం. చేశాడట. కానీ ఆ పరీక్ష కూడా ఏఐయే రాసింది. ప్రోగ్రాం రాసినప్పుడు అరల సంగతి దానికి తోచలేదు, పరీక్ష రాసినప్పుడూ తోచలేదు. అన్నీ పూర్తి అంకెలే వేసి చూసుకుంది, అన్నీ పాసయ్యాయి. పిల్లవాడు ఆ పచ్చ గుర్తులు చూసి నిమ్మళంగా పడుకున్నాడు.

తప్పు వాడొక్కడిదే కాదు. అర చిలపలు ఉంటాయని మేము వాడికి చెప్పనే లేదు. మన సొసైటీల్లో నేసినవాడు ఒకడు, గుడ్డ పరీక్షించేవాడు ఇంకొకడు. ఎందుకు? తన కంటికి తన తప్పు కనబడదు గనుక. నేసినవాడే గుడ్డ పరీక్షిస్తే ఎట్లా? తాతల నాటి ఈ నియమాన్ని కొత్త మిషన్ చూసి మేమే మరిచాం. ఆ నెల కండెలు చుట్టిన అందరి లెక్కలూ మళ్లీ తీసి, తగ్గిన కూలి ఇచ్చి, క్షమించమని అడిగాం.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2024 జులై 19న ఒక భద్రతా కంపెనీ పంపిన తప్పు మార్పు ఒక్కటి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసింది. విమానాలు ఆగాయి. అది ఏఐ చేసింది కాదు. కానీ ఒక చోట పడిన తప్పు అన్ని మగ్గాల మీదికీ ఒకేసారి పాకితే ఏమవుతుందో చూపించింది.

కాబట్టి సొసైటీలకు మా మనవి. లెక్కలు క్లౌడులో పెట్టండి, కానీ ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఖాతా సొసైటీ పేరు మీద ఉండాలి, తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. ఒక్క పిల్లవాడి ఫోనులో ఉంటే రేపు వాడు దేశం దాటితే మనం బయటే. భవనం, కరెంటు క్లౌడు వాళ్ల పూచీ. మన తలుపుకు గడియ పెట్టుకోవడం మన పూచీ. కొత్త ప్రోగ్రాం వస్తే రెండు నెలలు పుస్తకం కూడా పక్కన నడపండి. పని చేసే ఆడవాళ్లను పిలిచి వాళ్ల లెక్క వాళ్లకే చూపించండి. వాళ్లను మించిన పరీక్షకులు లేరు.

ఇక పిల్లల ఉద్యోగాల మాట. "మా అబ్బాయి పని ఈ ఏఐ లాక్కుంటదా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతున్నారు. ఏమీ కాదని మేము అబద్ధం చెప్పలేం. సాంచాలు వచ్చినప్పుడు మనవాళ్లు ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు, ఆ తర్వాత వాటి మీదికే కూలికి పోయారు. మిషన్ విప్పి బాగుచేయడం నేర్చుకున్నవాడు మాత్రం నాలుగు షెడ్డులకు కావలసినవాడయ్యాడు. మన పిల్లలకు అదే చెబుదాం. పనిముట్టు వాడండి, సిగ్గుపడకండి. కానీ అది రాసిన వరుసను చదివి, ఇది ఎందుకిట్లా ఉందని అడిగే తెలివి పోగొట్టుకోకండి. మునివేళ్లతో తడిమితే గుడ్డలో తప్పు తెలిసేది మీ తాతలకు. ఆ వేళ్లు మీకూ ఉన్నాయి.

ఆ పెద్దమ్మ ముడుల దారం ఇప్పుడు మా ఆఫీసులో కంప్యూటర్ పక్కన మేకుకు వేలాడుతోంది. పిల్లవాడు పుణె నుండి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి నవ్వుతాడు, ఆ తర్వాత నెల లెక్క పట్టుకొని ఆమె దగ్గరికి పోయి కూర్చుంటాడు.