కారు వెలలో దాగిన పద్దులు

(హనుమకొండలో నొక గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలో కార్ల బేరమును గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కార్యదర్శిగారు నన్ను కాకతీయుల శాసనములను గూర్చి మాటలాడుమని కోరియుండిరి. విషయమును మార్చుకొన్నవాడను నేనే. అయినను వారి కోర్కెను బొత్తిగా త్రోసివేయుటకు మనసొప్పలేదు గనుక శాసనముతోనే యారంభించెదను.

ఓరుగల్లు నేలిన గణపతిదేవ చక్రవర్తి 1244-45లో మోటుపల్లి రేవునందొక అభయశాసనమును వేయించెను. గాలివానకు ఓడలు పగిలి ఒడ్డున బడినపుడు పూర్వపు రాజులు అందలి ధనమును బలిమిని లాగుకొనుచుండిరనియు, తాము మాత్రము నిర్ణయింపబడిన సుంకము దప్ప వేరేదియు గ్రహింపమనియు అందు చెప్పబడినది. ఎగుమతి దిగుమతి సరకులపై సుంకము ముప్పదింట నొకపాలు. సుంకము హెచ్చా తగ్గా యన్నది వేరు మాట. దానిని రాతిమీద చెక్కించి రేవున నిలిపిరి; ఇదియే నాకు ముఖ్యముగా దోచుచున్నది. పరదేశపు వర్తకుడు సైతము తానీయవలసిన దెంతయో ముందుగా నెరుంగును. నడుమ నిలిచినవాడు తన చేతినుండి యొక పద్దు కల్పించుటకు వీలు లేదు.

ఇక మన కాలమునకు వత్తము. మా మేనల్లుడు పరకాల ప్రాంతమున నుపాధ్యాయుడు. 2025 దసరాకు ముందు, సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్న కార్లపై వస్తుసేవల పన్ను తగ్గినదని విని, జీవితములో మొదటి కారును కొన నుద్యుక్తుడయ్యెను. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1,200 సీసీకి మించని పెట్రోలు ఇంజనును గల బండ్లపై అంతకు మున్ను పన్ను 28 శాతము, దానిపై పరిహారపు సెస్సు 1 శాతము, వెరసి 29. అది 18 శాతమైనది. అతడు కోరిన బండి షోరూము వెల 8 లక్షలు. పాత పన్నే యున్నచో అదే బండి 8,74,500 దాటియుండెడిది. అనగా ప్రభుత్వము విడిచినది రమారమి 75 వేలు. పిల్లవాడు సంతోషించెను, మేమును సంతోషించితిమి.

అమ్మకపుదారు, ఆతని పేరు నాకిచట నక్కరలేదు, "ఆన్‌రోడ్డు ధర" యని యొక్క అంకె చెప్పెను. మావాడు ఆ యంకెమీదనే బేరమాడి, అయిదువేలు తగ్గించుకొని, గెలిచితినని తలంచి సొమ్ము కట్టెను. బండి యింటికి వచ్చి పూజలైన పిమ్మట కాగితములు నాకు చూపెను. అందు "రిజిస్ట్రేషను, ఇతరములు" అను పద్దు క్రింద 1,31,500, "హ్యాండ్లింగు" అని 9,500, బీమా 46,000. మిగిలినవి చిల్లర.

ఈ "ఇతరములు" అనునదే నన్నీ సభకు తీసికొనివచ్చినది. దానిని విడదీసి చూతము.

మన రాష్ట్రమున సొంత కారునకు జీవితకాలపు పన్ను ఒకేసారి కట్టవలెను. 2022లో ప్రభుత్వము దీనిని వెలనుబట్టి శ్రేణులుగా విభజించెను: 5 లక్షల లోపు బండికి 13 శాతము, 5 మొదలు 10 లక్షల వరకు 14, ఆపైన నింకను హెచ్చు. పది లక్షలు మించిన శ్రేణులకు 2025లో మరల పెంపు జరిగినది. మావాని బండికి 8 లక్షలపై 14 శాతము చొప్పున 1,12,000. రిజిస్ట్రేషను రుసుము కేంద్ర మోటారు వాహన నియమముల ప్రకారము సొంత కారునకు 600 రూపాయలు. ఔను, ఆరువందలే. బ్యాంకు అప్పుతో కొన్నచో ఆ తాకట్టును పత్రముపై వ్రాయించుటకు 1,500. కార్డునకు 200. ఇవి యన్నియు గలిపి 1,14,300. తాత్కాలిక రిజిస్ట్రేషనుకును, కార్యాలయపు సేవారుసుమునకును, తపాలాకును మరికొన్ని వందలు వేసికొన్నను, 1,31,500కు ఇంకను పదునారువేలు పైచిలుకు మిగిలినది. ఆ మిగిలినది సర్కారు ఖజానాకు పోలేదు. సర్కారు పేరు చెప్పి పుచ్చుకొనబడినది.

"హ్యాండ్లింగు" అననేమి? బండిని గిడ్డంగినుండి దుకాణమునకు తెచ్చి, కడిగి, తుడిచి, నిలిపిన కూలి యని సమాధానము. బట్టల దుకాణమువాడు చీరను బీరువానుండి తీసినందుకు కూలి యడుగునా? బండి అమ్ముటకు కర్మాగారము తన వర్తకునికి లాభపుపాలు ఇచ్చుచున్నది. ఆ లాభములోనిదే యీ ఖర్చు. మోటారు వాహనముల చట్టములోగాని, నియమములలోగాని, మన రాష్ట్రపు పన్నుల చట్టములోగాని హ్యాండ్లింగు అను పేరుగల రుసుము లేదు. ఎనుమాముల మార్కెట్టుకు మిరపకాయ తోలిన రైతు తన తక్‌పట్టీని ఎట్లు చదువునో మీరెరుగుదురు. తూకమెంత, ధర యెంత, హమాలీ యెంత, దడువాయి కూలి యెంత యని వ్రేలుపెట్టి యడుగును; తరుగు పేరిట కిలో యెక్కువ కోసినచో కొట్లాటకు దిగును. ఆ రైతు కుమారుడే చదువుకొని, ఉద్యోగము చేసి, చల్లని గాజుగదిలో కూర్చుండి, కాఫీ త్రాగి, 9,500 రూపాయల పద్దును కన్నెత్తి చూడడు. చదువు ఎక్కువైనకొలది అడుగుటకు సిగ్గు కలుగుచున్నదేమో తెలియదు.

బీమా సంగతి వినుడు. ఎదుటివానికి నష్టము కలిగినచో ఇచ్చు బీమా తప్పనిసరి. సుప్రీముకోర్టు ఆదేశమువలన 2018 సెప్టెంబరు 1వ తేదీనుండి క్రొత్త కార్లకు ఇది మూడేండ్లకు ఒకేసారి కట్టవలసియున్నది. దీని ధర కంపెనీకొక తీరుగ నుండదు; ప్రభుత్వము నిర్ణయించినదే. 2022 జూను 1న అమలులోకి వచ్చిన పట్టికలో 1,000 మొదలు 1,500 సీసీ వరకు గల కారునకు మూడేండ్లకు 10,640 రూపాయలు. దానిపై 18 శాతము పన్ను. ఇక మన సొంత బండి నష్టమునకు తీసికొను బీమాలోనే తేడాలన్నియు నున్నవి. అది మన యిష్టము వచ్చిన కంపెనీవద్ద, మన యిష్టము వచ్చిన దళారివద్ద తీసికొనవచ్చును. "మావద్దనే చేయించవలెను, లేకున్న బండి ఈయము" అనుట చెల్లదు. అమ్మకపుదారులు బీమా అమ్ముటకు బీమా నియంత్రణ సంస్థ 2017లోనే నియమములు చేసినది. కొనువానిని బలవంతపెట్టరాదని వాని యాశయము. ఆ సంస్థ ఎక్కడనో లేదు, మన హైదరాబాదులోనే యున్నది. మావాని బండికే అంతే రక్షణగల బీమాను నేను వేరొకచోట విచారింపగా 31,000 అనిరి. పదునైదువేల తేడా.

అన్నియు కూడిక వేయగా నలుబదివేలు దాటినది. ప్రభుత్వము విడిచిన డెబ్బదియైదు వేలలో సగమునకు పైగా మావాని యింటికి చేరకముందే దారిలో నింకిపోయినది.

ఇట్లన్నందున ప్రభుత్వమును మెచ్చుకొనుచున్నానని తలంపవలదు. దాని లెక్కయు చూడుడు. 8 లక్షల షోరూము వెలలో బండి యసలు ధర 6,77,966. తక్కిన 1,22,034 వస్తుసేవల పన్ను. ఆ పన్ను కలిసిన మొత్తముపై రాష్ట్రము 14 శాతము తీసికొనుచున్నది. అనగా వస్తుసేవల పన్నుపై రాష్ట్రపు పన్ను పదునేడువేలు. రెండును గలిపిన 2,34,034; అసలు ధరలో ప్రతి మూడు రూపాయలకు ఒక రూపాయికి పైగా పన్నే. గణపతిదేవుని ముప్పదింట నొకపాలుతో దీనిని పోల్చి నవ్వుకొనవచ్చును గాని, రోడ్లును ఆసుపత్రులును ఆనాటి రాజ్యమునుండి మన మడుగలేదు. పన్నుపై పన్ను అన్యాయమని నా యభిప్రాయము; దానిని శాసనసభలో మాటలాడించవలెను. అది రాసియున్న పన్ను, అందరికి నొకటే పన్ను, రసీదుగల పన్ను. దానితో పోట్లాడు దారి వేరు. రాయని పద్దుతో పోట్లాడు దారి వేరు. 1920వ దశకమున ఆంధ్రజన సంఘమువారు వెట్టిచాకిరిని గూర్చియు, వర్తక స్వాతంత్ర్యమును గూర్చియు చిన్న పొత్తములు అచ్చువేయించిరి. అధికారి అడిగినదెల్ల సర్కారు బాకీ కాదని పల్లెలకు తెలుపుటయే ఆనాటి పెద్ద పని. అప్పుడు సామాన్యుడును, వర్తకుడును ఒకవైపు నుండిరి. నేడు వర్తకులలో కొందరు ఆవలివైపునకు దాటిరి.

మరి యేమి చేయవలెను? బయానా ఇచ్చుటకు ముందే, మొత్తపు అంకె కాక, పద్దుపద్దుగా వ్రాసిన అంచనా కాగితము దుకాణపు ముద్రతో అడుగుడు. వరంగల్లులో నొకటి, కరీంనగరులోనో హైదరాబాదులోనో మరియొకటి తెచ్చుకొనుడు. జీవితకాలపు పన్ను రాష్ట్రమంతట నొకటే. రిజిస్ట్రేషను రుసుము దేశమంతట నొకటే. కావున రెండు కాగితములలో ఈ పద్దులు వేరువేరుగా నున్నచో ఆ తేడా సర్కారుది కాదు. ఎవరిదో మీరే గ్రహింతురు.

2019లో సవరించిన చట్టము ప్రకారము, అమ్మకపుదారు ఏ రాష్ట్రమున నున్నాడో ఆ రాష్ట్రముననే బండి నమోదగునపుడు, దరఖాస్తు పెట్టవలసినవాడు అతడే. అది అతని విధి. మనకు చేయు ఉపకారము కాదు. క్రొత్త బండిని మొదటి నమోదునకై అధికారి యెదుట నిలుపవలసిన పనియు ఆ సవరణతో పోయినది. అట్లుండగా "ఆఫీసు ఖర్చులు", "ఏజెంటు ఖర్చులు" ఎవరికని అడుగుడు. భద్రతా నంబరు పలకలు 2019 ఏప్రిలు నుండి తయారీదారే క్రొత్త బండితో నీయవలసినవి. టోలు చెల్లింపు బిళ్ల 2017 డిసెంబరునుండి క్రొత్త కారుతోనే రావలెను. ప్రీతియైన నంబరు కోరువారు మాత్రము దానికి వేరుగ ధర పెట్టుకొనవలెను. టీజీ 03 తరువాత ఏ యంకె వచ్చినను బండి పరుగెత్తును. చాపలు, తొడుగులు, పూతలు, అదనపు హామీలు కొనుట మీ యిచ్ఛ. అవి లేనిదే బండి రాదనుట అబద్ధము.

పది లక్షల గీత దగ్గర నున్నవారికొక మాట. 9,99,000 వెలగల బండికిని 10,01,000 వెలగల బండికిని వెలలో తేడా రెండువేలే. జీవితకాలపు పన్నులో తేడా ముప్పదివేలకు పైన. అంతేకాక, పది లక్షలు మించినచో అమ్మకపుదారు ఒక శాతము ఆదాయపు పన్ను క్రింద వసూలుచేసి ప్రభుత్వమునకు కట్టవలెను. ఇది పోవు సొమ్ము కాదు, మీ ఆదాయపు పన్ను లెక్కలో జమపడును. కాని మీ పాన్ సంఖ్యపై జమయైనదో లేదో చూచుకొనువారు తక్కువ. ఒకే మనిషి పేర రెండవ కారు కొన్నచో పన్ను హెచ్చు. విద్యుత్తు బండికి వస్తుసేవల పన్ను 5 శాతమే. 2024 నవంబరునుండి 2026 డిసెంబరు ఆఖరువరకు రాష్ట్రపు జీవితపన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీ చేసిరి. అట్టి బండి అంచనాలో "రిజిస్ట్రేషను" క్రింద పెద్ద యంకె కనబడినచో కన్ను తెరువుడు.

మోసపోయిన పిమ్మట దారి లేదని కాదు. మోటారు బండ్ల వర్తకునికి రవాణాశాఖ ఇచ్చు వ్యాపార ధ్రువపత్రముండవలెను. ఆ పత్రమును నిలుపుటకు, రద్దుచేయుటకు శాఖకు అధికారము గలదు. కావున మొదటి అర్జీ అక్కడికి. 1915 అను నంబరునకు ఫోను చేసినచో వినియోగదారుల సహాయ కేంద్రము పలుకును. జిల్లా వినియోగదారుల కమిషనులో, చెల్లించిన వెల 50 లక్షలు మించనంతవరకు, రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవచ్చును. అయిదు మొదలు పది లక్షల వరకు ఫిర్యాదు రుసుము రెండువందల రూపాయలు. వకీలు లేకయే మీరే మాటలాడవచ్చును.

మావాడు మొదట జంకెను. "పోనిండు మామయ్యా, బండి వచ్చినది గదా, పండుగపూట తగవులేల" అనెను. నేనే కూర్చుండి యొక పుట లేఖ వ్రాయించితిని: ఏ పద్దు ఏ నియమము క్రింద పుచ్చుకొంటిరో, దాని రసీదు ఏదియో తెలుపుడని మాత్రమే. పది దినములలో హ్యాండ్లింగు 9,500 అతని ఖాతాకు మరలి వచ్చినది. క్షమాపణ లేదు, వివరణ లేదు. "ఇతరములు" సంగతి ఇంకను తేలలేదు. కమిషనులో వాయిదా నడుచుచున్నది. బీమా సొమ్ము రాదు, అతడే సంతకము చేసియున్నాడు.

ఈ సభకు అంచనా కాగితములు తెమ్మని కరపత్రములో వేయించితిమి. తెచ్చినవారు నలుగురైదుగురు కనబడుచున్నారు. సభ ముగిసిన పిమ్మట ఆ కిటికీకడ బల్లవద్ద కూర్చుండెదను, ఒక్కొక్కరే రండు. కండ్లద్దములు ఇంట మరచి వచ్చితిని గనుక, సన్నని యక్షరములను చదివిపెట్టుటకు ఒక పిల్లవానిని తోడీయుడు.