ముందు పొరుగింటికి, తరువాతే బోర్డుకు



గుడి కట్టాలనీ, సాంస్కృతిక కేంద్రం నిర్మించాలనీ విరాళాలు పోగుచేస్తున్న సంఘాలవారు ఈ సభలో చాలామందే ఉంటారు. స్థలం కొనడం, వాస్తు చూపించడం, ఆర్కిటెక్టును కుదుర్చుకోవడం గురించి మనం గంటల తరబడి మాట్లాడుకుంటాం. ఇరుగుపొరుగుకు నోటీసు ఇచ్చే పనిని మాత్రం లాయరుగారు చూసుకుంటార్లే అని వదిలేస్తాం. ఈ రోజు ఆ ఒక్క సంగతే మీ ముందుంచుతాను.

నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీనే తీసుకుందాం. జోనింగ్ నుంచి మినహాయింపు, అంటే వేరియన్స్, కోరేవారు తమ స్థలానికి అన్ని వైపులా 200 అడుగుల లోపున్న ఆస్తుల యజమానులకు విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొలత స్థలం సరిహద్దు నుంచి, కట్టబోయే గోడ నుంచి కాదు. యజమానుల జాబితాను మునిసిపల్ కార్యాలయమే ఇస్తుంది. నోటీసును స్వయంగా అందించవచ్చు, సర్టిఫైడ్ మెయిల్లో పంపవచ్చు. విచారణ ఎప్పుడు, ఎక్కడ, ఏమి కోరుతున్నారు, ప్లాన్లు ఎక్కడ చూడవచ్చు అన్నవి అందులో ఉండాలి. నోటీసు సరిగా లేకపోతే కేసు వినే అధికారమే బోర్డుకు ఉండదు. నెలల శ్రమ మళ్ళీ మొదటికొస్తుంది. కాలిఫోర్నియా చట్టంలో ఈ దూరం 300 అడుగులు.

ఇంతవరకు చట్టం. అయితే న్యూజెర్సీ చట్టం దృష్టిలో ఉత్తరం పోస్టులో వేయగానే నోటీసు ఇచ్చినట్టే లెక్క. పొరుగాయన దాన్ని చదివాడా, చదివి భయపడ్డాడా అన్నది చట్టం అడగదు. పైగా అది యజమానికే వెళ్తుంది, అద్దెకున్నవారికి రాదు. మన కార్లు రోజూ వెళ్ళేది మాత్రం వాళ్ళ గుమ్మం ముందు నుంచే!

మన ఊళ్ళలో పక్కింటివారితో ఒక మాట అనకుండా ఉమ్మడి గోడ మీద ఇటుక పెట్టేవాళ్ళం కాదు. ఆ మర్యాదే ఇక్కడా పనికొస్తుంది. దరఖాస్తు వేయకముందే ప్లాను పట్టుకుని తలుపు తట్టండి. వారు అడిగేవి మూడే: కార్లెన్ని, చప్పుడెంత, వాననీరు ఎటు పోతుంది. నిజం చెప్పండి. మామూలు ఆదివారం లెక్క చెప్పి ఊరుకోకండి. వైకుంఠ ఏకాదశికీ, శివరాత్రి జాగరణకూ ఎంతమంది వస్తారో కూడా చెప్పండి. బోర్డు ముందు ప్రమాణం చేసి చెప్పేది కూడా అదే కావాలి. నివాసప్రాంతంలో అనుమతిలేని వాడకానికి మినహాయింపు కావాలంటే న్యూజెర్సీలో ఏడుగురు సభ్యుల బోర్డులో ఐదుగురు ఒప్పుకోవాలి.

ప్రార్థనాలయాలపై జోనింగ్ పేరుతో వివక్ష చూపకుండా 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం మనకు అండగా ఉంది. అవసరమైతే వాడుకోవాలి. కానీ అది నోటీసు బాధ్యతను తీసేయదు. కోర్టులో గెలిచినా పక్కింటివారితో రోజూ ముఖాలు చూసుకోవలసింది మనమే, మన తరువాత మన పిల్లలే.

చివరగా ఒక మాట. ఇలాంటి ఉత్తరం మన ఇంటికి వచ్చినప్పుడు కూడా చెత్తబుట్టలో వేయకండి. విచారణకు వెళ్ళండి, ప్రశ్నలు అడగండి. పొరుగువారి మాట వినడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.