దుబాయి కాగితాలు ఎవరి దగ్గరున్నాయి?

(గోదావరిఖనిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గర ఒక మాటుంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. పాత కరీంనగర్ జిల్లా మగవాళ్ల బతుకుదెరువు ఈ మూడింటి మధ్యే తిరిగిందని చెప్పడానికి వాడతారు. సభల్లో ఈ మాట అంటే చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ మూడు చోట్లకీ మగవాణ్ణి పంపి ఇంట్లో మిగిలిపోయిన ఆడమనిషి ఈ మాటలో ఎక్కడుందని ఎవరూ అడగరు. వీసాలు, పాస్‌పోర్టులు, వలస చట్టం మగవాళ్ల వ్యవహారమని మనమూ అనుకుంటూ వచ్చాం. నేనూ అట్లాగే అనుకున్నాను, మా ఇంటిదాకా వచ్చేవరకు.

మా నాన్న సింగరేణిలో ఫిల్లరు. బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన మనిషి. నాన్న తర్వాత ఆ ఉద్యోగం తమ్ముడికి వస్తుందని మా అమ్మ ధీమాగా ఉండేది. 1990ల మొదట్లో కంపెనీలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇవాళ నలభై వేలకు అటూ ఇటూ. ఓపెన్‌కాస్టులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, కాంట్రాక్టు పద్ధతి వచ్చింది. ఆ దశకం చివరకు వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. 1999లో రామగుండం ఎరువుల కర్మాగారం కూడా మూతపడింది. 2018లో కారుణ్య నియామకాలు మళ్లీ మొదలయ్యేనాటికి మా తమ్ముడి వయసంతా ఎడారిలో కరిగిపోయింది.

వాడు 2009లో సౌదీ పోయాడు. మన దగ్గర సౌదీ అయినా ఖతర్ అయినా అంతా దుబాయే కదా. ఏజెంటు 'ఆజాద్ వీసా' అన్నాడు. ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు, స్వేచ్ఛ అన్నాడు. అసలు అట్లాంటి వీసా చట్టంలో లేదు. వీసా ఒక యజమాని పేరు మీద ఉంటుంది, అతనే ఖఫీల్. అకామా అతను తీయించాలి. అతన్ని వదిలి బయట పని చేస్తే మనవాళ్ల భాషలో 'ఖల్లివల్లి', అంటే ఏ కాగితమూ లేని మనిషి. డబ్బు ఎక్కడిది? మా మరదలు పుస్తెలతాడు కుదువ పెట్టింది. సంఘంలో తన పేరు మీద అప్పు తీసింది. మిగిలింది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు.

ఏడాది తిరిగేసరికి వాడు ఖల్లివల్లి అయ్యాడు. ఎనిమిది నెలలు ఫోను లేదు. మరదల్ని తీసుకుని ఒక ఆఫీసుకు పోయాను. అక్కడి గుమస్తా మూడు ప్రశ్నలు అడిగాడు. పాస్‌పోర్టు నంబరెంత? ఖఫీల్ పేరేమిటి? ఏ ఊళ్లో పని? మూడింటికీ ఆమె దగ్గర జవాబు లేదు. బయటికొచ్చి, "వదినా, నాకు మిత్తి ఎంతో తెల్సు గని గివన్నీ ఎట్ల తెలుస్తయి? ఆయన చెప్పిండా, నేను అడిగిన్నా?" అన్నది. అప్పు మొత్తం ఆమె తల మీద ఉంది. కాగితం ఒక్కటి కూడా ఆమె పెట్టెలో లేదు.

2013లో సౌదీ ప్రభుత్వం నితాఖాత్ కింద గడువు ఇచ్చినప్పుడు వాడు ఔట్‌పాస్ మీద తిరిగొచ్చాడు. ప్రాణాలతో వచ్చాడు, అది మా అదృష్టం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి పెట్టెలో వచ్చినవాళ్ల ఇళ్లు మీరూ చూశారు, నేనూ చూశాను.

ఇక్కడ ఒక పోలిక చెబుతాను. బాయిలో మనిషి పోతే అతని భార్యకు ఏం హక్కుందో ఎయిటింక్లైన్ కాలనీలో చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది. వేజ్‌బోర్డు ఒప్పందం ప్రకారం నలభై అయిదేళ్ల లోపు భార్య ఉద్యోగమైనా కోరవచ్చు, నెలనెలా డబ్బయినా కోరవచ్చు. ఇది ఊరికే రాలేదు. కార్మికులు కొట్లాడారు, ఆడవాళ్లు గేట్ల ముందు కూర్చున్నారు. ఆ తెలివిడి దుబాయి విషయంలో మనకు ఎందుకు రాలేదు? అక్కడ గేటు కనబడదు, మేనేజరు కనబడడు. అంతకన్నా, దాన్ని మనం కార్మిక సమస్య అనుకోలేదు. వాడి ఖర్మ అనుకున్నాం.

చట్టం ఉంది. 1983 వలస చట్టం. దాని 22వ సెక్షన్ ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి లేకుండా పనికోసం పోకూడదు. పదో తరగతి పాసైనవాళ్లకు దీన్నుంచి మినహాయింపు. పాసుకానివాళ్లకు, అంటే మోసపోయే అవకాశం ఎక్కువున్నవాళ్లకు, గల్ఫ్ దేశాలతో సహా పద్దెనిమిది దేశాలకు పోవడానికి ఆ అనుమతి కావాలి. ఆ అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. గుండెపోటుకు ఇవ్వరు, అది వేరే అన్యాయం. విజిట్ వీసా మీద పోయినవాడికి అనుమతీ లేదు, బీమా అంతకన్నా లేదు.

ఏజెంటుకు లైసెన్సుండాలి. తీసుకోగలిగేది ముప్పై వేలు, ఆపైన జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటుకు ఏ లైసెన్సూ ఉండదు. మోసం చేస్తే రెండేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. విన్నారు కదా, రెండు వేలు. విచిత్రమేమంటే అనుమతి లేకుండా పోయిన మనిషికి కూడా అదే సెక్షన్ కింద అదే శిక్ష రాశారు. దొంగనూ సొమ్ము పోయినవాణ్ణీ ఒకే తాడుకు కట్టినట్టు. ఈ చట్టాన్ని మార్చడానికి 2021లో ఒక ముసాయిదా, 2025లో ఇంకొకటి వచ్చాయి. వాటి మీద మన సంఘాలు ఒక్క సూచనైనా పంపామా?

అయితే ఇదే చట్టంలో మనకు పనికొచ్చే ఒక మాటుంది. దీన్ని రాసుకోండి. ఈ చట్టం కింద కేసు నడవాలంటే కేంద్రం అనుమతి కావాలని 27వ సెక్షన్ చెబుతుంది. పోలీస్ స్టేషన్‌లో మనల్ని వెనక్కి పంపేది ఈ మాటతోనే. కానీ దాని కిందే మినహాయింపుంది. మోసపోయిన మనిషి గానీ, అతని తరఫున భార్య, తల్లి, కూతురు, అక్కచెల్లెలు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. అంటే మా మరదలు ఆ రోజే ఏజెంటు మీద కేసు పెట్టగలిగేది. నేను కార్యకర్తనై ఉండి నాకూ తెలియదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఇక ఆడవాళ్లు పోయే సంగతి. మన దగ్గర్నుంచి తక్కువ, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువ. ఇళ్లల్లో పనికి కువైట్ పోతారు. అనుమతి అవసరమున్న పాస్‌పోర్టుతో ముప్పై ఏళ్లు నిండని స్త్రీ ఇంటిపనికి పోకూడదని నిబంధన. 2016 నుంచి వీళ్లను ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు, తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్. రక్షణ కోసమే అంటారు. కానీ ఇరవై ఆరేళ్ల ఒంటరి తల్లికి అప్పులవాళ్లు ముప్పై నిండేదాకా ఆగుతారా? ఆమె విజిట్ వీసా మీద పోతుంది, అక్కణ్ణుంచి ఇంకో దేశానికి తరలిస్తారు, ఏ రిజిస్టరులోనూ ఆమె పేరుండదు. 1952 గనుల చట్టం కూడా రక్షణ పేరుతోనే మనల్ని భూగర్భంలో దిగనివ్వలేదు. 2019లో పగటి షిఫ్టుకు సడలించారు. ప్రమాదాన్ని తగ్గించడం కష్టమైనప్పుడల్లా ఆడదాని ముందు తలుపు మూయడం తేలికైన పని. అక్కడి దేశాల సంస్కరణలూ అంతే. సౌదీలో 2021 నుంచి ఉద్యోగం మారే వీలిచ్చారు గానీ ఇంటిపనివాళ్లను అందులోంచి తప్పించారు.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు అయిదు లక్షలు ప్రకటించింది. మంచిదే. అదైనా, బీమా అయినా, అడిగేది కాగితాలే. పాస్‌పోర్టులో భార్య పేరు లేకపోతే, నామినీగా అన్న పేరు రాస్తే, ఆమె తాను భార్యనని రుజువు చేసుకుంటూ తిరగాల్సిందే.

అందుకని వచ్చే మూడు నెలలు మనం ఒక్క పని పెట్టుకుందామని నా ప్రతిపాదన. మన బస్తీల్లో దుబాయి పోయినవాళ్ల ఇంటింటికీ పోయి పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, బీమా, ఏజెంటు రసీదు నకళ్లు ఆ ఇంటి ఆడవాళ్ల దగ్గర ఉన్నాయా లేవా చూడాలి. లేకపోతే ఫోన్లో ఫొటో తెప్పించాలి. మగవాళ్లు కసురుకుంటారు, "నీకెందుకే" అంటారు. సంఘం అప్పు నా పేరు మీదుంది గనుక నాకే కావాలని చెప్పమనండి.

భోజనాల తర్వాత కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ఆ కిటికీ పక్కకు రండి, ఒక్కొక్కటే చదువుదాం.