9 గేజా, 10 గేజా, 11 గేజా? ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రింగ్స్ అసలు లెక్క

ఈరోజు పెడల్స్ గురించి మాట్లాడదామనుకున్నాను. స్క్రిప్ట్ కూడా రాసేశాను. కానీ మొన్న రాత్రి పలాస నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది విన్నాక పెడల్స్ పక్కన పెట్టేశాను.

వాడన్నది ఇది: "అన్నా, గిటార్ కొని ఎనిమిది నెలలైంది. టోన్ లావుగా రావాలంటే 11 గేజ్ వెయ్యాలన్నారు, వేశాను. ఇప్పుడు బెండ్ చేస్తే సగం స్వరం కూడా లేవట్లేదు. వేళ్ళు వాచిపోతున్నాయి. నా చేతుల్లో బలం లేదేమో. గిటార్ అమ్మేద్దామనుకుంటున్నాను."

తమ్ముడూ, అమ్మకు. నీ చేతులకి ఏటీ అవ్వలేదు.

ముందు ఈ 9, 10, 11 అంటే ఏటో చూద్దాం. అన్నిటికన్నా సన్నగా కింద ఉంటుంది చూడండి, ఆ మొదటి స్ట్రింగ్ మందం అది. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 9 అంటే 0.009 అంగుళం, అంటే దాదాపు 0.23 మిల్లీమీటర్లు. 10 అంటే 0.25. రెండిటికీ తేడా తల వెంట్రుక మందం కూడా ఉండదు. మరి వేలికి అంత తేడా ఎందుకు తెలుస్తుంది?

ఎందుకంటే తీగ బరువు దాని మందంతో పాటు పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. బరువైన తీగ అదే స్వరం పలకాలంటే అంత ఎక్కువ బిగించాలి. బీటెక్‌లో చదివిన ఫార్ములాల్లో నాకు నిజంగా పనికొచ్చింది బహుశా ఇదొక్కటే. స్ట్రాటోకాస్టర్ టైపు గిటార్ మీద, అంటే స్కేల్ 25.5 అంగుళాలున్న దాని మీద, మామూలు ట్యూనింగ్‌లో మొదటి స్ట్రింగ్ 9 అయితే దాని మీద లాగుడు సుమారు 5.9 కేజీలు. 10 అయితే 7.3. 11 అయితే 8.9.

ఇప్పుడు బెండింగ్ సంగతి. ఒక పూర్తి స్వరం పైకి లాగాలంటే ఆ లాగుడు ఇంకో 26 శాతం పెరగాలి. 9 స్ట్రింగ్‌ని పూర్తి స్వరం లాగేసినా 7.5 దగ్గర ఆగుతుంది. అంటే పలాస తమ్ముడు 11 స్ట్రింగ్‌ని ముట్టుకోకముందే, అది ఖాళీగా ఉన్నప్పుడే, పూర్తిగా బెండ్ చేసిన 9 కన్నా బిగుతుగా ఉంది! ఆ కేజీలన్నీ వేలి మీద పడవనుకోండి, అది తీగ పొడవునా ఉండే లాగుడు. కానీ వేలి శ్రమ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 9 నుంచి 11కి వెళ్తే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎనిమిది నెలల వేళ్ళకి అది అన్యాయం.

ఇంకో మాట. మనం వాయించేదేటి? సినిమా పాటలు, చర్చిలో పాటలు, పెళ్ళి ఆర్కెస్ట్రా. మన పాటల్లో స్వరం నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది. ఆ గమకం లేకపోతే పాట పాటలాగే ఉండదు. ఇది మన ప్రాంతానికి కొత్త సమస్య కూడా కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, ఆ బొబ్బిలి వీణకి జీఐ గుర్తింపు కూడా ఉంది. వీణ మీద గమకం ఎలా పలుకుతుంది? ఎడమ చేతి వేళ్ళతో తీగని మెట్టు మీద పక్కకి లాగి. అదే మన బెండింగ్, పేరే వేరు. అందులో మెలోడీ ఎక్కువగా నడిచే సారణి తీగ వాయించే నాలుగు తీగల్లోకీ సన్నది. చేతికి అందేలా, లాగితే లొంగేలా ఉంటుంది.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని చూడండి. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జతలో రెండు తీగల్నీ కలిపి లాగితే రెండూ ఒకే శ్రుతిలో సాగాలి, చాలా కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. కర్ణాటక సంగీతం వాయించాలి, గమకం రావాలి, కాబట్టి వాయిద్యాన్నే దానికి తగ్గట్టు మార్చుకున్నారు. అంత గొప్పాయనే వాయిద్యం మార్చుకుంటే, మనం ఒక ప్యాకెట్ మార్చుకోడానికి సిగ్గు పడ్డం ఏటండి?

సరే, "సన్న స్ట్రింగ్ అంటే సన్న టోన్" అంటారు కదా. పూర్తి అబద్ధం కాదు. లావు స్ట్రింగ్‌లో ఇనుము ఎక్కువ, పికప్‌కి సిగ్నల్ కొంచెం ఎక్కువ వెళ్తుంది. గట్టిగా కొట్టినా శ్రుతి నిలబడుతుంది. సన్న స్ట్రింగ్‌ని బాదితే మొదట్లో స్వరం కాస్త పైకి పోతుంది, ఎడమ చేత్తో గట్టిగా నొక్కినా అంతే, కార్డ్ శ్రుతి తప్పినట్టు వినబడుతుంది. కానీ ఇదంతా మీ చేతి బరువు, యాంప్ నాబ్ ముందు చిన్న విషయం. స్టీవీ రే వాన్ 13 వేసేవాడు, నిజమే, కానీ అర స్వరం కిందకి ట్యూన్ చేసుకునేవాడు. ఇటు బ్లాక్ సబ్బాత్ టోనీ అయోమీ, ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ళ కొనలు పోయాక, నొప్పి భరించలేక బాంజో తీగలంత సన్నవి వేసుకుని వాయించాడు. హెవీ మెటల్ అన్న శబ్దమే ఆయన దగ్గర మొదలైంది. లావు టోన్‌కి లావు తీగ కావాలన్న వాళ్ళకి ఈ ఒక్క పేరు చెప్పండి చాలు.

నేనూ ఈ తప్పు చేశాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరో చెప్పారని 11 వేశాను. పగలంతా కీబోర్డ్, రాత్రి ఆ ఇనప తీగలు. నెలకి మణికట్టు పట్టేసింది. వేలి కొన మంటగా ఉండటం వేరు, అది కాయ కాసి తగ్గుతుంది. కీలు దగ్గర, మణికట్టులో నొప్పి వస్తే మాత్రం గిటార్ కింద పెట్టేయాలి. అప్పుడు నేను పెట్టలేదు. తర్వాత రెండు నెలలు ముట్టుకోలేకపోయాను.

ఇక కొనేటప్పుడు. షాపులో "లైట్ సెట్ ఇవ్వండి" అనకండి. ఎలక్ట్రిక్ ప్యాకెట్ మీద లైట్ అంటే సాధారణంగా 10 నుంచి 46. అకూస్టిక్ ప్యాకెట్ మీద అదే లైట్ అంటే 12 నుంచి 53. ఎర్నీ బాల్‌లో 10 సెట్ పేరు రెగ్యులర్, 9 సెట్ పేరు సూపర్. పేరు చూడొద్దు, అంకెలు చూడండి. బ్రాంజ్ అని రాసుంటే అది అకూస్టిక్‌ది. మన పికప్‌లో ఉన్నది అయస్కాంతం, దానికి బ్రాంజ్ చుట్ట సరిగ్గా అందదు. నికెల్ అని ఉండాలి.

గిటార్ కూడా చూసుకోండి. లెస్ పాల్ టైపులో స్కేల్ దాదాపు 24.75 అంగుళాలు, అదే సెట్ వేసినా ఆరు శాతం వదులుగా ఉంటుంది. అందుకే దాని మీద 10 వేసినా చేతికి మరీ బరువు కాదు. స్ట్రాట్ మీద 10 ఇప్పటికే ఉంటే, డబ్బులు పెట్టకుండా ఒక ప్రయోగం చెయ్యండి: మొత్తం ఒక స్వరం కిందకి ట్యూన్ చెయ్యండి. చేతికి ఇంచుమించు 9 సెట్ లాగే అనిపిస్తుంది. హాయిగా ఉందనిపిస్తే అప్పుడు 9 కొనండి. ఎప్పుడూ కార్డ్సే, రిథమే వాయించేవాళ్ళు, చెయ్యి బరువున్నవాళ్ళు 10లో ఉండిపోవచ్చు. 11 ఎప్పుడంటే, ట్యూనింగ్ బాగా కిందకి దించి వాయిస్తున్నప్పుడు.

సెట్ మార్చాక పని అయిపోలేదు. 11 నుంచి 9కి వస్తే లాగుడు తగ్గి నెక్ వెనక్కి వంగుతుంది, ఫ్రెట్ల మీద స్ట్రింగ్ గరగరమంటుంది. ట్రస్ రాడ్ కొంచెం వదులు చెయ్యాలి, ఒకసారికి పావు చుట్టు, అంతే. ఆగి, ట్యూన్ చేసి, మళ్ళీ చూడాలి. భయమేస్తే తెలిసినవాళ్ళ చేత చేయించండి, ఇందులో పౌరుషం వద్దు. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపిస్తున్నాయా చూడండి. తేలే బ్రిడ్జ్ ఉన్న గిటార్ అయితే వెనక స్ప్రింగులు కూడా సరిచెయ్యాలి. దానికి విడిగా ఎపిసోడ్ చేస్తాను, పెద్ద గోల అది.

మన సముద్రం గాలికి ఏ గేజ్ అయినా తుప్పు పడుతుంది. వాయించాక పాత పంచె గుడ్డతో ఒక్కో స్ట్రింగ్ కింద నుంచి కూడా తుడవండి.

పలాస తమ్ముడూ, నీకు: వాపు పూర్తిగా తగ్గేదాకా గిటార్ ముట్టుకోకు. తర్వాత 9 నుంచి 42 సెట్ వెయ్యి. ఒక్క వేలితో లాగకు, ఉంగరం వేలి వెనక ఇంకో రెండు వేళ్ళు పెట్టి, మణికట్టు తిప్పు. రోజుకి పది నిమిషాలే. మొదటిసారి పూర్తి స్వరం లేచిన రోజు రికార్డ్ చేసి నాకు పంపు. పెడల్స్ ఎపిసోడ్ నీ క్లిప్‌తోనే మొదలుపెడతాను.

ఉంటాను మరి, వచ్చే వారం కలుద్దాం.