క్రీడారంగమున పరదేశిదూషణము



క్రీడారంగమున స్వపక్షమును ప్రోత్సహించుట ప్రేక్షకధర్మము. ప్రతిపక్షి జన్మమును దూషించుట యధర్మము. 2012 మార్చిలో అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలందు, కాన్సాస్ స్టేట్ జట్టువాడగు ఏంజెల్ రోడ్రిగెజ్ బంతి విసరుటకు నిలువగా, సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయ వాద్యబృందమున కొందఱు “నీ గ్రీన్ కార్డెక్కడ?” అని కేకలు వేసిరి. ఆతడు ప్యూర్టోరికోవాడు. ఆ ద్వీపవాసులు 1917 నుండియు అమెరికా పౌరులే! పౌరునకు గ్రీన్ కార్డుతో పనియేమి? దూషకులు చూచినది పత్రమును గాదు, పేరును, రూపమును.

ఆ విశ్వవిద్యాలయాధ్యక్షురాలు క్షమాపణము కోరెను. ఐదుగురు విద్యార్థులు బృందమునుండి తొలగింపబడి విద్యార్థివేతనములను గోల్పోయిరి. ఆటయందును కాన్సాస్ వారే గెలిచిరి.

గ్రీన్ కార్డు మన యిండ్లలో నిత్యము వినబడు మాట. దానికై యేండ్ల తరబడి వేచియున్న బిడ్డలు మనలో ననేకులకు గలరు. వారు పౌరులైన పిమ్మటను వారి సంతానమునకు అట్టి కేక తగులవచ్చును. అది మనకెంత దుస్సహమో, మన కళాశాలలకు ఈశాన్యరాష్ట్రములనుండియు ఆఫ్రికానుండియు వచ్చిన విద్యార్థుల రూపమును మన బాలురు హేళన చేసినచో వారికిని అంతియే దుస్సహము.

కులసంఘము స్వజనుల నాదరించుటకు బుట్టినది. పరులను తూలనాడుటకు గాదు. కావున మన విద్యార్థివేతనములు పొందు బాలురకు చదువుతోపాటు ఈ మర్యాదయు నేర్పవలెనని పెద్దలకు నా విన్నపము.